ముప్పది బొమ్మలు, ఒక దరఖాస్తు



నేడు మన బిడ్డలు పలు విద్యలు నేర్చి పట్టములతో ఇండ్లకు వచ్చుచున్నారు. నేర్చిన విద్యను ఎదుటివారికి చూపుట యెట్లో చెప్పువారు మాత్రము అరుదు. ఈ నెల మేము ఆ సంగతియే ముచ్చటింపదలచితిమి.

మా పొరుగింటి అమ్మాయి హైదరాబాదులో నాలుగేండ్లు గ్రాఫిక్ డిజైను చదివి గత వేసవిలో ఇల్లు చేరినది. పుస్తకముల అట్టలు, సరకుల పొట్లములు, ప్రకటనలు మొదలగువానియందు అక్షరములను, బొమ్మలను పొందికగా అమర్చుట ఈ విద్య. ఏబది చోట్లకు దరఖాస్తులు పంపినను ఒక్క బదులైనను రాలేదు. సంక్రాంతిలోపల ఉద్యోగము దొరకనిచో పెండ్లిసంబంధములు చూచెదనని తండ్రి చెప్పివేసెను. "పిన్నిగారూ, నా ఉత్తరములో తప్పులేమైన ఉన్నవేమో చూడండి" అని ఆ పిల్ల మాయొద్దకు వచ్చినది.

మాకు చిత్రలేఖనము రాదు. ఏవో కొన్ని కావ్యములు చదువుకొన్నవారము. ఉత్తరమున అక్షరదోషము లేదు గాని, పుస్తకప్రచురణకర్తకును, మందుల కంపెనీకిని అవే మాటలు! ఔచిత్యము లేని అలంకారము శోభింపదని పెద్దలు చెప్పలేదా? ఎవరికి వ్రాయుచున్నామో వారి పనిని ముందుగా చూచి, అందు మనకు నచ్చినదేదో, మనము చేయగలిగినదేదో అర పుటలో వ్రాయవలయును.

ఇక పోర్ట్‌ఫోలియో, అనగా తాను చేసిన పనుల సంపుటము. అందు ముప్పది బొమ్మలున్నవి. ఉన్న చీరలన్నియు ఒక్కసారి కట్టుకొని పేరంటమునకు పోవుదుమా? ఎనిమిదియో పదియో చాలును. ఒక్కొక్కదాని క్రింద ఎవరికొరకు చేసినది, చిక్కేమి, దానిని విడదీసినదెట్లు అని మూడు వాక్యములుండవలయును.

వానిలో తేయాకు పొట్లమొకటి మాకు మిక్కిలి నచ్చినది. "ఇది నీవొక్కతెవే చేసితివా, అమ్మా?" అని అడిగితిమి. పిల్ల తల వంచుకొన్నది. ముగ్గురు కలిసి చేసినదట; అక్షరములు స్నేహితురాలివట. "చెప్పినచో నా విలువ తగ్గదా, పిన్నిగారూ?" అనెను. "ఈ అక్షరమిట్లేల వంచితివని వారడిగినచో ఏమందువు?" అంటిమి. ఆ రాత్రియే "రంగులు, అమరిక నావి, అక్షరములు నా సహాధ్యాయినివి" అని దానిక్రింద వ్రాసినది. తరగతిలో అభ్యాసమునకు చేసినవానిని అభ్యాసమనియు, కృత్రిమ మేధ సాయము పొందినచోట ఆ సంగతియు అట్లే తెలుపవలయునని చెప్పితిమి.

మా యింటివారి బడి వార్షికోత్సవపు ఆహ్వానపత్రము ఈ పిల్లయే చేసినది. అది సంపుటమున లేదు! పల్లెటూరి పనియని దాచినదట. ఇంగ్లీషునకు సరిపోవు ఎడములో తెలుగు కూర్చినచో పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులకు తగులును. ఆమె ఎడము పెంచి, రెండు రంగులకే సరిపడు సొమ్ముతో, అచ్చుయంత్రమువద్ద నిలిచి మూడుమార్లు దిద్దించినది. బాపుగారి (1933–2014) చేతివ్రాత ఫాంటుగా నిలిచిన భాష మనది. తెలుగక్షరముపై శ్రమించుట చిన్నపనియా? దానిని మొదటి పుటలో పెట్టించితిమి.

ఆమె నేర్పిన మరికొన్ని సంగతులు మన బిడ్డలకు పనికివచ్చును. రెజ్యూమె ఒక్క పుట మించరాదు. అందు నగిషీలకన్న సులభముగా చదువబడు అక్షరము మేలు. అచ్చునకు పోవు బొమ్మకు అంగుళమునకు 300 చుక్కలుండవలయును. పి.డి.ఎఫ్.లో ఫాంట్లు పొదుగనిచో ఇతరులు తెరచినప్పుడు వత్తులు చెదరవచ్చును. కావున పంపుటకు ముందు వేరొకరి సెల్‌ఫోనులో తెరచి చూడవలయును. ఆధారు సంఖ్య వ్రాయనేరాదు. పరీక్షయని చెప్పి దినములకొలది ఉచితముగా పని చేయించుకొనువారియెడ జాగ్రత్త వహింపవలయును.

ఈ మారు ఆరు చోట్లకే, ఆరు వేర్వేరు ఉత్తరములు పంపినది. విజయవాడనుండి ఒక ప్రచురణకర్త పిలిచి, అందరికన్న ముందు ఆ ఆహ్వానపత్రమును గూర్చియే అడిగెనట. ఫలితమింకను తెలియదు. తండ్రి మాత్రము ఉగాదివరకు ఆగెదననెను.

తల్లులారా! బిడ్డ బొమ్మలు గీయుచు కూర్చున్నదని విసుగుకొనకుడు. ప్రక్కన కూర్చుండి, "ఇది ఇట్లేల చేసితివి?" అని ఒక్కమారు అడుగుడు. రేపు పరులయెదుట చెప్పవలసిన బదులు ఆమెకు మీయొద్దనే అలవడును.