మురుగునీరు – కంపెనీల బాధ్యత

పదిమందికి సేవచేయు సంస్థ ఆ సేవ పేరిట పొరుగువాని సొత్తును పాడుచేయవచ్చునా? ఈ ప్రశ్నకు బ్రిటను సుప్రీముకోర్టు 2024 జూలై 2వ తేదీన ఇచ్చిన సమాధానము పౌరశాస్త్రము చదువువారును, చెప్పువారును గమనింపదగినది.

మాంచెస్టరు నగరమును సముద్రముతో కలుపు ఓడకాలువ 1894లో ప్రారంభమైనది. దానికి స్వంతదారు ఒక కంపెనీ. ఆ ప్రాంతపు మురుగు గొట్టములు మాత్రము యునైటెడ్ యుటిలిటీస్ అను నీటి కంపెనీవి. అవి సుమారు నూరుచోట్ల ఆ కాలువలోనికి తెరచుకొనియున్నవి. అచ్చటి పాత పట్టణములలో ఇండ్ల మురుగును వాననీరును తరచు ఒకే గొట్టమున ప్రవహించును. పెద్దవాన కురిసినపుడు గొట్టము పట్టజాలక, శుద్ధికాని మురుగు కాలువ పాలగును. దీనిపై దావా వేయుదుమని కాలువ కంపెనీ హెచ్చరింపగా, అట్టి దావా చెల్లదని ప్రకటింపుడని నీటి కంపెనీ న్యాయస్థానమును ఆశ్రయించినది.

నీటి కంపెనీ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇంగ్లండు, వేల్సులలో ఈ సేవ 1989లో ప్రైవేటు కంపెనీల పరమైనది. 1991 నాటి చట్టము వానిని అదుపుచేయు అధికారమును ప్రభుత్వమునకును నియంత్రణాధికారికిని ఇచ్చినది. క్రొత్త గొట్టములు ఎచ్చట వేయవలెను, ఆ ఖర్చు ఎవరు భరింపవలెను అనునవి న్యాయమూర్తులు తేల్చు విషయములు కావు. 2003లో ప్రభుసభ ఈ కారణముననే, మురుగు ముంచెత్తిన ఒక గృహస్థుని దావాను కొట్టివేసినది. క్రింది కోర్టులు రెండును ఆ మార్గమునే అనుసరించినవి.

సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా ఆ తీర్పులను మార్చినది. క్రొత్త గొట్టములు వేయలేదని చేయు ఫిర్యాదు వేరు, మురుగును పరుల కాలువలోనికి వదలినారని చేయు ఫిర్యాదు వేరు. శుద్ధికాని మురుగును వదలుటకు ఆ చట్టము అనుమతి ఈయలేదు. అనుమతి లేని పనిచే హాని పొందినవాని పూర్వహక్కును చట్టము స్పష్టముగా తొలగింపనిదే అది తొలగిపోదు. నిర్లక్ష్యము రుజువుకాకున్నను దావా చెల్లును.

ఇది నిజమునకు పాతన్యాయమే. 1858లో బర్మింగ్‌హాం పురపాలకులు నగరపు మురుగును టేమ్ నదిలోనికి వదలగా, రెండున్నర లక్షల జనుల అవసరము సైతము ఒక్కని హక్కును హరింపజాలదని కోర్టు తేల్చి, ఆ పనిని నిషేధించినది.

మన దేశమునకును ఈ చర్చ క్రొత్తకాదు. రత్లాం పట్టణవాసులు దుర్గంధపు మురుగు కాల్వలపై మొరపెట్టుకొనగా, పురపాలక సంఘము ధనము లేదనినది. 1980లో న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు ఆ సాకును అంగీకరింపక, గడువులోగా పనిచేయవలెనని ఆదేశించిరి.

అయినను 2024 నాటి తీర్పుతో నదులన్నియు శుభ్రమగునని భావింపరాదు. దావా వేయుటకు సొత్తుపై హక్కో, ప్రత్యేక నష్టమో చూపవలెను. నదిలో ఈదులాడు బాలునికి నది స్వంతము కాదు. మురుగును నిషేధించుటకు బదులు పరిహారముతో సరిపెట్టుటకును కోర్టుకు అధికారము కలదు. ఆ పరిహారము కంపెనీ వాటాదారుల లాభమునుండి రావలెనా, నీటిపన్ను చెల్లించు గృహస్థునినుండి రావలెనా అనుదానిని న్యాయస్థానము నిర్ణయింపలేదు. అది నియంత్రణాధికారియు శాసనసభయు తేల్చవలసిన విషయము. హక్కు కలదని కోర్టు చెప్పినది. గొట్టమును బాగుచేయవలసిన భారము ప్రభుత్వముపైనను కంపెనీలపైనను ఇంకను మిగిలియే యున్నది.