తాతగారి జీపు స్టీరింగ్ చిట్లిందా?

నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ ఎక్కేవాళ్లకి జీపు కొత్తేమీ కాదు. మన దేశంలో మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. అలాంటి పాత బండి మీ ఇంటి వెనక షెడ్డులో ఉంటే, ఓసారి స్టీరింగ్ చుట్టూ చెయ్యి తిప్పి చూడండి. స్పోకుల దగ్గర పగుళ్లు తగలొచ్చు.

పాత స్టీరింగుల్లో లోపల ఇనుప చట్రం, పైన గట్టి ప్లాస్టిక్కో రబ్బరో పోత ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకి పైపోత కుంచించుకుపోతుంది. లోపలి ఇనుము కుంచించుకోదు. ఆ పెనుగులాటలో పైది చిట్లుతుంది.

మందు రాసేముందు జబ్బేంటో తెలియాలి కదా! చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. రిమ్ము వంగినట్టున్నా, మధ్యలో బిగింపు వదులుగా ఉన్నా అక్కడే ఆగిపోండి. దాన్ని పుట్టీతో కప్పెట్టొద్దు, వెల్డింగుతో మమ అనిపించొద్దు. మార్చేయడమే. ఘాట్ మలుపులో చక్రం చేతికొస్తే ఇంక చేసేదేం ఉండదు.

ఇనుము గట్టిగా ఉంటే మాత్రం పని మీరే చేసుకోవచ్చు. ముందు సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి ఆరబెట్టండి. పగులుని యాక్సా బ్లేడుతో, ఆకురాయితో 'వి' ఆకారంలో వెడల్పు చేయండి. సన్న గీతలోకి పుట్టీ దిగదు, అందుకే ఈ తంటా. లోపల తుప్పుంటే గీకేయండి. ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, రంగు ఒకటయ్యేదాకా పిసికి, గాడిలో నొక్కి కూరండి. కాస్త ఎత్తుగానే ఉంచండి, తర్వాత అరగదీయొచ్చు. ఒక రోజంతా ముట్టుకోవద్దు. లంబసింగి చలిలాంటి చోటైతే ఇంకో రోజు ఆగండి, చలికి ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడుతుంది. ఆ తర్వాత 120, 220, 400 నంబర్ల ఉప్పుకాగితాలు వరసగా పట్టించి, ప్రైమర్ కొట్టి, రంగెయ్యండి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కొత్త కార్ల జోలికి మాత్రం వెళ్లకండి, బాబూ!

ఇంకోమాట. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. అయితే ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీల్లాంటి వాటికే అనుమతి. ఆ రూపం చెడకూడదనుకుంటే తళతళలాడే కొత్త స్పోర్ట్స్ స్టీరింగ్ కన్నా, అతుకేసిన పాతదే మేలు. తాతగారి చేతులు అరగదీసిన చక్రం ఏ షాపులోనూ దొరకదు మరి.