ఇచ్చిన కొయ్యరైలు, విడువని మమకారం

మమకారం మహాసౌధాలలోను, ధనరాశులలోను మాత్రమే నివసిస్తుందని భావించడం పొరపాటు. జానెడు పొడవైన కొయ్యరైలులో సైతం అది సుఖంగా ఒదిగి కూర్చుంటుంది. బాల్యంలో తాము ఆడుకొన్న రైలుబొమ్మను అటక మీది నుండి దింపి, ధూళి తుడిచి, తమ సంతానం చేతికి అందించే తల్లిదండ్రులు అనేకులు. ఆ కార్యం ప్రశంసనీయమే. అయితే అందించిన మరుక్షణం నుండే "మెల్లగా నడుపు, కింద పడవేయకు, ఇంజను ముందే ఉండాలి" అనే ఆజ్ఞాపరంపర ఆరంభమైతే, బొమ్మ చేతులు మారిందే కాని మమకారం స్థానం మారలేదని స్పష్టమవుతుంది.

ధర్మశాస్త్రకారులు దానానికి చెప్పిన లక్షణం ఈ సందర్భంలో స్మరణీయం. స్వస్వత్వ నివృత్తి, పరస్వత్వాపాదనం అనే రెండూ కలిసినప్పుడే దానం సిద్ధిస్తుంది. 'ఇది నాది' అనే హక్కు తొలగాలి. 'ఇది ఇతనిది' అనే హక్కు నెలకొనాలి. హోమంలో హవిస్సు అగ్నిలో పడినంత మాత్రాన యాగం పరిపూర్ణం కాదు. ఆ ద్రవ్యం ఇక తనది కాదని యజమాని పలికే త్యాగవాక్యం కూడా అందుకు అవసరం. మనుస్మృతి పేర్కొన్న 18 వ్యవహారపదాలలో, ఇచ్చినదానిని మరల గ్రహించడానికి సంబంధించిన వివాదం ఒకటి. పసివాడు ఏ ధర్మాసనం ముందూ ఈ వివాదాన్ని నిలుపలేడు. కావున ఆ శాస్త్రం పెద్దల అంతఃకరణంలోనే అమలు కావాలి.

ఆ బొమ్మ పుట్టుకను విచారించినా ఇదే బోధపడుతుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నదీతీరాన ఉన్న ఏటికొప్పాకలో, కళాకారులు మెత్తని అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి, ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తిరుగుతున్న ఆ కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకొంటుంది. తెలుగువారి ఇండ్లలోని లక్కపిడతలూ, రైలుబండ్లూ ఈ విధంగానే రూపొందాయి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంత శ్రమించిన శిల్పి, బొమ్మ పూర్తికాగానే దానిని విడిచిపెడతాడు. అది ఏ ఊరు చేరిందో, ఏ బిడ్డ చేతిలో విరిగిందో అతనికి తెలియదు. అతడు విడిచినందువల్లనే అది నేటి తండ్రి బాల్యాన్ని చేరగలిగింది.

వేదాంతంలో దారుగజ దృష్టాంతం సుప్రసిద్ధం. కొయ్య ఏనుగును చూచే బాలునికి ఏనుగే కనబడుతుంది, కొయ్య మరుగుపడుతుంది. వడ్రంగికి కొయ్యే కనబడుతుంది, ఏనుగు మరుగుపడుతుంది. పాత రైలును పట్టుకొన్న తండ్రి స్థితి ఇంకా విచిత్రం. అతనికి కొయ్యా కనబడదు, రైలూ కనబడదు. గతించిన తన బాల్యమే కనబడుతుంది. ఆ బాల్యాన్ని బొమ్మపై ఆరోపించి, బిడ్డ కూడా దానినే చూడాలని కోరడం అధ్యాస. బిడ్డకు ఆ రైలు నేడు వంతెన కావచ్చు, రేపు చీమలకు ఇల్లు కావచ్చు. ఆ స్వాతంత్ర్యం బొమ్మతో పాటు ఇవ్వవలసినదే.

వస్తువును జాగ్రత్తగా చూచుకోవడం సంస్కారం కదా, దానిని నేర్పవద్దా అని కొందరు ప్రశ్నించవచ్చు. తప్పక నేర్పాలి. కాని 'నీ బొమ్మను నీవు కాపాడుకో' అనడం వేరు, 'నా బొమ్మను పాడుచేయకు' అనడం వేరు. మొదటిది శిక్షణ, రెండవది స్వత్వప్రకటన. నిజంగా విడువలేని వస్తువైతే, దానిని బొమ్మలకొలువు మెట్టుపై నిలిపి, అది చూచేందుకే అని నిజాయితీగా చెప్పి, ఆటకు వేరొక రైలును కొనిపెట్టడం ఉత్తమం. అందులో దోషం లేదు. ఇచ్చినట్లు నటించడంలోనే దోషం ఉంది.

దీనికి విపరీతమైన దోషం మరొకటి. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు పాలుడిగిన ముసలి ఆవులను దక్షిణగా ఇస్తుండగా చూచి కలత చెందినవాడు అతని కుమారుడు నచికేతుడే. పిల్లలు పెద్దల దానాన్ని నిశితంగా గమనిస్తారు. మంచి బండిని అద్దాల బీరువాలో దాచి, చక్రాలు ఊడినదానిని బిడ్డకిచ్చి ఔదార్యమని తలచడం తగదు. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక, పెచ్చులూడుతున్న బొమ్మను నోట పెట్టుకొనే వయసు శిశువుకు ఇవ్వరాదు. ఊడివచ్చే మేకులను, చిన్న చక్రాలను ముందుగా సరిచూడాలి. పాత్రతను, ద్రవ్యశుద్ధిని విచారించి ఇవ్వడమే సాత్త్వికం.

అయితే విరగడం కంటే కఠినమైన పరీక్ష వేరే ఉంది. బిడ్డ ఆ రైలును రెండు నిమిషాలు తిప్పి, పక్కన పడవేసి, ప్లాస్టిక్ కారు కోసం పరుగెత్తవచ్చు. ఎన్నో ఏండ్లు దాచిన అపురూప వస్తువుకు లభించిన ఆదరణ అంతే కావచ్చు. ఆ క్షణాన హృదయంలో కలిగే నొప్పిని సాధకుడు పరిశీలించాలి. ఇచ్చింది బొమ్మనా, లేక దానికి బదులుగా ప్రేమను, మెప్పును ఆశించాడా? ఫలత్యాగం గురించి ఎన్ని ప్రవచనాలు విన్నా, అది పట్టుబడిందో లేదో ఇక్కడే తేలిపోతుంది.

గృహస్థు ఒకనాడు ఇంటి తాళాలనూ, పెత్తనాన్నీ, చివరకు దేహాన్నీ విడువవలసినవాడే. అంత పెద్ద త్యాగాలు హఠాత్తుగా అలవడవు. కొయ్యరైలును బిడ్డ చేతిలో పెట్టి, ఆ తరువాత మాట్లాడకుండా ఊరకుండడం ఆ అభ్యాసానికి చక్కని ఆరంభం.