నిద్రాణ ప్రతిభ

పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుండి మిరుదొడ్డివంటి గ్రామాలలో ఇంటింటా ఒకే ప్రశ్న వినవస్తుంది: బిడ్డను ఏ చదువులో చేర్చవలెను? ఆ ప్రశ్నకు సమాధానం బిడ్డ చెప్పదు. మార్కుల పత్రం చెబుతుంది. గణితంలో గట్టివాడు ఇంజనీరు, జీవశాస్త్రంలో గట్టివాడు వైద్యుడు, రెండింటిలోనూ వెనుకబడినవాడు దురదృష్టవంతుడు. ఇదీ నేటి వర్గీకరణ. తనలో ఉన్న శక్తి యేది, దానిని ఏ కార్యానికి వినియోగించవలెను అన్న విచారణకు ఇందులో తావు లేదు.

కిష్కింధాకాండలో వానరవీరులందరూ సముద్రాన్ని చూచి దిగులు చెందుతూ ఉండగా, హనుమంతుడు ఒకప్రక్క మౌనంగా కూర్చున్నాడు. ఆతనిని లేపినవాడు జాంబవంతుడు. ఆ వృద్ధుడు చేసినది వట్టి పొగడ్త కాదు. హనుమంతుని జన్మవృత్తాంతం చెప్పినాడు, బలాన్ని గుర్తుచేసినాడు, చేయవలసిన పనిని ఎదుట నిలిపినాడు. ఈ కథలో విద్యార్థులు హనుమంతుని చూస్తారు. ఉపాధ్యాయులు జాంబవంతుని చూడవలసి ఉన్నది.

దృష్టాంతానికి పురాణకాలం దాకా పోనక్కరలేదు. మిరుదొడ్డికి జిల్లా కేంద్రమైన సిద్దిపేటలోనే 1925లో కాపు రాజయ్యగారు జన్మించినారు. పేదరికంలో పెరిగి, చిత్రకళ నేర్చి, బడిపిల్లలకు చిత్రలేఖనం బోధిస్తూ జీవించినారు. చేర్యాల ప్రాంతంలో నకాషీ కళాకారులు కులపురాణాలు చెప్పే కథకులకొరకు గుడ్డపై పొడవైన పటాలు చిత్రించే సంప్రదాయం ఒకటి ఉన్నది. రాజయ్యగారి కుంచెకు ఆ రేఖలు, ఆ రంగులు ప్రాణం పోసినవి. బోనాలు, బతుకమ్మ, కోలాటం, వడ్డెర స్త్రీ — నిత్యం కండ్లముందు మెదలే పల్లెజీవనమే ఆయన చిత్రాలకు వస్తువైనది. 2012లో కన్నుమూసేనాటికి ఆయన పేరు తెలంగాణ చిత్రకళకు పర్యాయపదంవలె నిలిచినది. తన ప్రజ్ఞను ఆయన దూరదేశాలలో వెదకలేదు. తన వీథిలోనే కనుగొన్నారు.

అయితే కనుగొన్నంతమాత్రాన పని ముగియదు. కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అనే మూడూ కారణాలని ఆలంకారికుల మతం. సహజప్రతిభ లేకున్నా శ్రమించి శాస్త్రాన్ని సేవించినవానిని సరస్వతి అనుగ్రహించక మానదని దండి భరోసా ఇచ్చినాడు. "నాలో ఏ శక్తీ లేదు" అని క్రుంగిపోయే బాలునికి ఇంతకంటె ధైర్యవచనం ఏమి కావలెను? లేదనుకొన్నది వెదకనిది కావచ్చును. తెలంగాణములో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను సమాధానంగా వెలువరించినారు. అందులో చోటు చేసుకొన్న కవులు 354 మంది. వెదకే కన్ను పడినందువలన ఉన్న కవులే వెలుగులోనికి వచ్చినారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవలసి ఉన్నది. బీడీలు చుట్టి బిడ్డను చదివించే తల్లికి అభిరుచి అన్నమాట విలాసంగా తోచవచ్చును. ఆమె భయం న్యాయమైనది. ముందు కూడు కావలెను. కాని జీవనోపాధికీ, జీవితలక్ష్యానికీ వైరం ఉండితీరవలెనన్న నియమం లేదు. రాజయ్యగారి ఇంటిని ఉపాధ్యాయవృత్తి నిలిపినది; ఆయన పేరును కుంచె నిలిపినది. అంతేకాక ప్రజ్ఞ అనగా కళ ఒక్కటే కాదు. చెడిన మోటారు చప్పుడు విని లోపం చెప్పగలవాడు, మట్టిని చూచి పంట నిర్ణయించగలవాడు, తోటిపిల్లల తగవును నొప్పించక తీర్చగల బాలిక — వీరందరూ ప్రజ్ఞావంతులే. వీరిని కొలిచే ప్రశ్నపత్రం మాత్రం పబ్లిక్ పరీక్షలో లేదు.

ఆ కొరతను తీర్చగలవాడు ఉపాధ్యాయుడొక్కడే. ఎవరూ చెప్పకుండానే ఈ బిడ్డ ఏ పని చేస్తున్నది? ఏ పనిలో వేళ మరచిపోతున్నది? ప్రతి విద్యార్థిని గురించీ ఏటికొకసారి ఈ రెండు ప్రశ్నలకు జవాబు వ్రాసి తల్లిదండ్రులకు చెప్పితే చాలును. దీనికి నిధులు అక్కరలేదు, ఉత్తరువులు అక్కరలేదు. విద్యార్థి సైతం ఒక పనిని పట్టి, విసుగు పుట్టిన పిమ్మటకూడ కొంతకాలం విడువక చూడవలెను. ఆసక్తికీ, వ్యామోహానికీ గల భేదం అప్పుడే తెలియును.

మార్కుల పత్రం బిడ్డ ఏమి నేర్చినదో చెప్పగలదు. ఏమి కాగలదో చెప్పవలసినవాడు గురువు. అయి చూపవలసినది బిడ్డ.