కాలువ నీరు, క్రైస్తవ సంఘముల పూచీ

గోదావరి డెల్టాలోని పెనుగొండ చుట్టుపట్ల పల్లెలలో, నీట ముంచి బాప్తిస్మమిచ్చు సంఘములకు కాలువ రేవే బాప్తిస్మపు తొట్టి. ఆదివారపు ఆరాధన ముగిసిన పిదప సంఘమంతయు పాటలు పాడుకొనుచు గట్టుమీదుగా నడచివచ్చి మెట్లపై నిలువగా, తెల్లని వస్త్రములు ధరించిన వారిని పాస్టరుగారు ఒక్కొక్కరిని నడుములోతు నీటిలోనికి తోడుకొనిపోయి, త్రియేక దేవుని నామమున ముంచి లేవనెత్తుదురు. అదే రేవునకు నాలుగడుగుల ఎగువన గుర్రపుడెక్క దుబ్బులలో చిక్కుకొని పాలిథీన్ సంచులును, రొయ్యలు సర్దు థర్మోకోల్ పెట్టెల ముక్కలును, కోళ్లఫారముల నుండి వచ్చిన ఈకలును తేలియాడుచుండును. ఆ నీరే కొంత దూరము పోయి ఊరి మంచినీటి చెరువునకు తూము గుండా చేరును. పవిత్రమని భావించి మనము దిగు నీటిని అపవిత్రము చేయుటను పాపమని మన ప్రసంగపీఠములు ఏల చెప్పకున్నవి? ఈ ప్రశ్న నన్ను చాలకాలముగా బాధించుచున్నది.

డెల్టాలోని క్రైస్తవ సంఘముల పుట్టుక ఈ నీటితో ముడిపడియున్నది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడి, గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. అప్పటికి ఈ సీమ నేటి సస్యశ్యామల సీమ కాదు. నందన నామ సంవత్సరపు కరువును, తుఫానులును, వరదలును ఒకదానివెంట నొకటి వచ్చి, 1821లో 7.38 లక్షలుగానున్న రాజమండ్రి జిల్లా జనాభాను 1841 నాటికి 5.61 లక్షలకు దిగజార్చినవి. ప్రక్కనే అఖండ గోదావరి సముద్రమున కలియుచుండగా దాని ఒడ్డున మనుష్యులు అన్నములేక మరణించుచుండుటను సహింపలేని ఇంజనీరు ఆర్థర్ కాటన్, తన ఉద్యోగధర్మమును దైవసేవగా భావించిన విశ్వాసి గనుకనే, పై అధికారుల ఉదాసీనతతో పోరాడి, 1847లో ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేయించెను. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము ఆ పనికి సమ్మతించినది శిస్తు పెరుగునను ఆశతోనే యన్న మాట నిజమే. అయినను కాటన్ హృదయమున నున్నది శిస్తు మాత్రమే కాదని, స్నానసంకల్పమున ఆయనను స్మరించు పురోహితులు మొదలు, ఊరూర ఆయన విగ్రహము నిలిపిన రైతుల వరకు అందరును తీర్పు చెప్పియే యున్నారు. ఆనకట్ట పనికి వచ్చిన కూలీల నడుమ బౌడెన్, బీర్ మిషనరీలు సువార్త చెప్పిరి. డెల్టాలో మొదట విశ్వసించినవారిలో ఎక్కువమంది మట్టి మోసినవారు, పూడిక తీసినవారు, పరుల పొలములలో నాట్లు వేసినవారు.

ఇందుకు విరుద్ధముగా, ప్రకృతి విధ్వంసమునకు క్రైస్తవమే మూలమని ఒక వాదము కలదు. అమెరికా చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో 'సైన్స్' పత్రికలో వ్రాసిన వ్యాసమున, మానవునకు భూమిపై అధికారమిచ్చిన ఆదికాండపు మాటయే పాశ్చాత్యుల యంత్రగర్వమునకు బీజమనెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అధికారమను మాటను పట్టుకొని బాధ్యతను వదలినవారు చరిత్రలో అసంఖ్యాకులు. కాని అదే ఆదికాండపు రెండవ అధ్యాయమున నరుని తోటలో ఉంచినది దానిని సేద్యపరచి కాచుటకని స్పష్టముగా నున్నది. లేవీయకాండము భూమి దేవునిదనియు, మనుష్యులు దానిపై కాపురమున్న పరదేశులనియు చెప్పి, ఏడవ యేట పొలమునకు విశ్రాంతి నియమించినది. ద్వితీయోపదేశకాండము యుద్ధమున శత్రునగరమును ముట్టడించునపుడు సైతము ఫలవృక్షమును నరుకరాదని శాసించినది. యజమానుని ఆస్తికి లెక్క అప్పగింపవలసిన గృహనిర్వాహకుడు ఆ ఆస్తిని అమ్ముకొని తినినయెడల అతనికి ఏ తీర్పు కలుగునో మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు.

భూమికి విశ్రాంతి అనునది మన రైతునకు క్రొత్త కాదు. సార్వా, దాళ్వా రెండు పంటలు పండించు ఈ నేలలో, ఏప్రిల్‌లో కాలువలు కట్టివేసిన పిదప మిగిలిన తేమలో జీలుగయో, పిల్లిపెసరయో చల్లి, పూత దశలో దున్నివేసి మట్టికి బలమిచ్చుట పాతతరమువారి వాడుక. 1925 నుండి మార్టేరులో నడచుచున్న వరి పరిశోధన స్థానము, దేశమంతట ప్రసిద్ధికెక్కిన స్వర్ణ వంటి వంగడములనిచ్చి, ఈ మట్టి సామర్థ్యమును లోకమునకు చూపినది. అట్టి మట్టిని నేడు ఊరూర తవ్వి చేపల, రొయ్యల చెరువులుగా మార్చుచున్నారు. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చినది మొదలు ఈ మార్పు వేగము హెచ్చినది. ఎకరము పొలములో వరి వేసిన రైతు అప్పులపాలగుచుండగా, ప్రక్కవాడు చెరువు తవ్వి లాభము కన్నుల చూచుచుండగా, ఆశపడినవానిని నేను నిందింపజాలను. ధాన్యమునకు గిట్టుబాటు లేదనియే 2011లో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి కదా. కాని చెరువు నుండి దిగు ఉప్పుటూట గట్టు దాటి ప్రక్క చేనిలోనికి ప్రాకి, వరి దుబ్బు ఎర్రబారి చచ్చును. మురుగు డ్రెయినులోనికి పోవలసిన చెరువు నీటిని పంట బోదెలోనికి వదలుదురు. చెరువులు వచ్చిన ఊరిలో నాట్లకు, కలుపులకు, కోతలకు పోవు ఆడువారికి పనులుండవు. ఈ మూడవ నష్టమును గూర్చి ఎవరును మాటలాడరు.

అందుచేతనే ఇది సంఘముల విషయమని నా వాదము. ఈ నేలను తరతరములు దున్ని నాటిన చేతులు, ఆ నేలలో సెంటు భూమియైన స్వంతము కాని మాల, మాదిగ విశ్వాసులవి. భూమి లేనివారికి భూపాలన బోధించుటేల యని కొందరు పెద్దలు నాతో అన్నారు. నా అభిప్రాయము దీనికి విరుద్ధము. నీరు చెడినపుడు డబ్బున్నవాడు టిన్ను నీరు కొనును. కాలువ నీటిమీదనే బ్రదుకువాడు రోగము కొనును. 2016 ప్రాంతమున భీమవరము దగ్గరి తుందుర్రులో ఆక్వా పార్కు వలన గొంతేరు డ్రెయిను పాడగునని పోరాడినవారు చేపలు పట్టుకొనువారు, చిన్న రైతులు, కూలీలు. వారి ఆవేదన న్యాయమైనదా కాదా యని ఎన్ని సంఘములలో ప్రార్థనాంశముగా నైన ప్రస్తావించితిమి?

ప్రపంచ క్రైస్తవలోకము ఈ దిశగా కదలుచునే యున్నది. పోపు ఫ్రాన్సిస్ 2015లో 'లౌదాతో సి' లేఖలో భూమి ఆక్రందనను, పేదవాని ఆక్రందనను వేరుచేయరాదని బోధించెను; సెప్టెంబరు 1 నుండి అక్టోబరు 4 వరకు సృష్టి కాలముగా పలు శాఖలవారు ఆచరించుచున్నారు. మనకును ఒక చక్కని సందర్భము కలదు. కోత పండుగనాడు బలిపీఠము ముందు వడ్ల బస్తాలు, కొబ్బరిగెలలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు పేర్చి, ఆరాధన పిదప వేలము వేయుదురు. ఆ వేలపు సొమ్ములో ఒక వంతు మంచినీటి చెరువు బాగుకై తీసిపెట్టుట ఎవరికిని భారము కాదు. ఆ పండుగ విందుకు ప్లాస్టిక్ విస్తళ్లు మాని అరటి ఆకులు వాడుట అంతకంటె సులభము. తోటలు మన పెరటిలోనే యున్నవి.

పాస్టరుగారలకును, సంఘపెద్దలకును నాదొక విన్నపము. ఈ వేసవిలో కాలువలు కట్టివేయు వారములలో ప్రతి సంఘమును తన రేవునకు ఇరువైపుల ఒక ఫర్లాంగు మేర చెత్తను తీయించుడు. ఇది మతభేదములేని పని. వాసవీ కన్యకాపరమేశ్వరి దర్శనమునకు దేశమంతట నుండి పెనుగొండ వచ్చు యాత్రికుడు, మసీదునకు పోవు సోదరుడు త్రాగునదియు ఇదే గోదావరి నీరు. ఇక చేపల, రొయ్యల చెరువులు తవ్వుటకు 2020 నాటి రాష్ట్ర చట్టము లైసెన్సును నిర్బంధము చేసినది. ఊరి పొలములలో క్రొత్త చెరువునకు దరఖాస్తు వచ్చినదని తెలిసినపుడు, మురుగు నీరు ఏ దారిన పోవునో గ్రామసభలో లేచి అడుగుడు, అడుగుటకు సంఘములోని కూలి తల్లులను వెంట తీసికొనిపొండు. సంఘములో చెరువులున్న విశ్వాసులుందురు, వారి కానుకలును పెద్దవై యుండును; వారినొప్పించుట కష్టమని ఎరుగుదును. అయినను వారికే మొదట చెప్పుడు.