ముందు సీ-బుక్కు, తర్వాతే బండి

మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చే నెలల్లో ఈపూరు మండలంలో చాలా ఇళ్లల్లో ఒకటే పోరు. పురుగుమందుల కొట్టు బాకీ, కూలి డబ్బులు తీర్చగా మిగిలిన దాంట్లో బండి కొనిపెట్టమంటాడు కొడుకు. వాడు అడిగేది స్ప్లెండర్ అయితే ఇంత పోరు ఉండదు. కాళ్లు ముందుకు చాపి, దర్జాగా వెనక్కి వాలి కూర్చునే క్రూజర్, అవెంజరో మీటియరో, కావాలంటాడు. కొత్తదాని ధర వినగానే తండ్రి లేచి పొలానికి వెళ్లిపోతాడు. ఆ సాయంత్రానికి మాట నరసరావుపేటలోనో వినుకొండలోనో ఆటో కన్సల్టెన్సీ ముందు నిలబెట్టిన పాత బండి మీదికి మళ్లుతుంది.

అలా మళ్లడం మంచిదే. నేర్చుకునే రోజుల్లో బండి ఒకటి రెండుసార్లు పడుతుంది, లివర్లు వంగుతాయి, ట్యాంకు మీద గీతలు పడతాయి. అవన్నీ పాతదాని మీద అయిపోవడమే మేలు. కాకపోతే ఏ క్రూజర్ అనే దగ్గర తొందరపడకూడదు.

క్రూజర్‌కు సీటు కిందికి ఉంటుంది. అవెంజర్ సీటు ఎత్తు 737 మిల్లీమీటర్లే. పొట్టిగా ఉన్నవాళ్లకు కూడా రెండు పాదాలూ నేలకు ఆనుతాయి కాబట్టి కొత్తవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. కష్టమంతా బరువుతోనే. స్ప్లెండర్ 110 కిలోల పైచిలుకు ఉంటే అవెంజర్ 220 సుమారు 160 కిలోలు, మీటియర్ 191 కిలోలు. పరుగు మీద ఉన్నప్పుడు ఆ తేడా తెలియదు. సందులో మలుపు తిప్పేటప్పుడు, వాకిట్లోంచి వెనక్కి నెట్టేటప్పుడు, గులకరాళ్ల మీద ఆగేటప్పుడు తెలుస్తుంది. ముందు చక్రం బాగా ముందుకు సాగి ఉంటుంది గనక చిన్న మలుపుకు కూడా రోడ్డు వెడల్పంతా కావాలి. అందుకే బండి తోలడం కొత్తయితే అవెంజర్‌కే నా ఓటు. 2005 నుంచీ రోడ్ల మీద ఉన్న బండి. మీటియర్ లాంటి 350 సీసీ బండ్లు చేయి కుదిరాక చూసుకోవచ్చు.

ఏ కంపెనీదైనా సరే, 2019 ఏప్రిల్ తర్వాత తయారైనదే చూడండి. 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది అప్పటినుంచే. అవెంజర్‌లో అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. అయినా కల్లాల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న గింజల దగ్గర బెదిరిపోయి ముందు బ్రేకు గట్టిగా పట్టేసిన కుర్రాడిని కాపాడేది అదే. పదివేలు తక్కువకు వస్తుందని పాత మోడల్ కొనడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

చూడటానికి వెళ్లేటప్పుడు, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజన్ నిజం చెబుతుంది. నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతున్నట్టే. ఫోర్కుల మీద ఆయిల్ జిడ్డు ఉంటే సీళ్లు పోయాయి. ముందు చక్రం పైకి లేపించి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తే కోన్‌సెట్ మార్చాలి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళితే ఈ పనులన్నీ ఆయనే చూసుకుంటాడు.

మెకానిక్ చూడలేనివి కాగితాలు. నా బాధంతా వాటి గురించే. మన దగ్గర పాత బండి చేతులు మారే పద్ధతి తెలిసిందే. మొదటి ఓనరు 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేసి, కొనేవాళ్ల పేరు, తేదీ ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఫారాలు బండితోపాటు ఇద్దరు ముగ్గురి చేతుల్లో తిరుగుతాయి. సీ-బుక్కులో, అంటే ఆర్‌సీలో, మాత్రం మొదటి పేరే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ ఖర్చు తప్పిందని అందరికీ సంతోషం.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి. తెలపకపోతే ఏమవుతుందో 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కారు ఎన్ని చేతులు మారినా, ప్రమాదానికి పరిహారం చెల్లించాల్సింది ఆర్‌సీలో పేరున్న వ్యక్తేనంది. అంటే బండి అమ్మేశామని నిశ్చింతగా పడుకున్న మనిషి మెడకే అది చుట్టుకుంటుంది.

కొన్నవాళ్లు తప్పించుకున్నారని అనుకోవద్దు. ఇన్సూరెన్సులో బండి యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది వర్తించేది ఆర్‌సీలోనూ పాలసీలోనూ పేరుండి, లైసెన్సు ఉన్న యజమానికే. బండి వేరేవాళ్ల పేరునే ఉండగా మన అబ్బాయికి ఏదైనా జరిగితే ఆ డబ్బు ఇంటికి రాదు. మిర్చి డబ్బుతో బండి కొనిచ్చిన తండ్రికి ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. అందుకే బండి కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాసి పాలసీ మార్పించుకోవాలి. పాలసీలో ఆ ప్రమాద బీమా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

హైదరాబాదు నుంచి దిగే బండ్ల సంగతి వేరే. టీఎస్, టీజీ నంబరు బండి చౌకగా కనిపిస్తుంది గానీ, దానికి అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ రెండూ లెక్కేశాక కూడా చౌకైతేనే కొనండి. ఫైనాన్స్ బండి అయితే అప్పు తీరిందని కంపెనీ సంతకం చేసిన 35వ నంబరు ఫారం చేతికి రావాలి. నోటిమాట చెల్లదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి వివరాలు, ఇన్సూరెన్సు గడువు, పెండింగ్ చలానాలు కనబడతాయి. సీ-బుక్కులోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన దానితో పోల్చి చూసుకోండి.

బేరం కుదిరాక డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. కొంత ఆపి, మీ అబ్బాయి పేరు మీద ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పడిన రోజున ఇస్తామని చెప్పండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దానికి ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి. జిల్లాలో ఇంకా చాలా అవెంజర్లు అమ్మకానికి ఉన్నాయి.