మంత్రి పదవికి ఆరు నెలలే ఆయువు

పాడేరు: అరకులోయ శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు కాల్చిచంపారు. నవంబరు 11న సర్వేశ్వరరావు కుమారుడు, ఐఐటీ పట్టభద్రుడు శ్రావణ్‌కుమార్‌ గిరిజన సంక్షేమ, ప్రాథమిక వైద్య శాఖల మంత్రి అయ్యారు. 2014 నాటి చంద్రబాబు మంత్రివర్గంలో అప్పటివరకు గిరిజనులకు చోటు లేదు.

ఏ సభలోనూ సభ్యుడు కాని మంత్రి ఆరు నెలల్లో ఎన్నిక కావాలన్నది రాజ్యాంగ నిబంధన. శాసనసభ గడువు ఏడాది కూడా లేనందున ఉప ఎన్నిక జరగలేదు. శాసనమండలికీ పంపలేదు. 2019 ఏప్రిల్‌ 11న పోలింగ్‌ ముగిసినా లెక్కింపు మే 23న జరిగింది. ఆలోపే గడువు తీరడంతో శ్రావణ్‌ రాజీనామా చేశారు. అరకులో ఓటమి చవిచూశారు.

అయిదేళ్ల పాలనలో గిరిజనులకు దక్కిన మంత్రి పదవి ఆరు నెలలే. సానుభూతితో ఇచ్చిన పదవి ప్రాతినిధ్యానికి ప్రత్యామ్నాయం కాజాలదు. మన్యానికి చోటు కల్పించాల్సింది విషాదం తర్వాత కాదు, మంత్రివర్గం ఏర్పడిన నాడే.